నోట్స్‌లో ఇరుక్కున్న ఐడియాని బయటికి లాగడం: నా అనుభవం

బిజినెస్ ఐడియాలకు నాకు ఎప్పుడూ కొదవ లేదు. చిన్న కంపెనీలకు అకౌంట్లు చూసే ఉద్యోగం నాది. పని మీద రకరకాల ఆఫీసులకు వెళ్తుంటాను. వెళ్లిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఏదో ఒక ఇబ్బంది గురించి విసుక్కుంటూనే ఉంటారు. ఆ విసుగు వినగానే నా బుర్రలో ఒక వ్యాపారం మొదలైపోతుంది. రాసుకోవడానికీ బద్ధకం లేదు, వెంటనే ఫోన్ తీసి రాసేస్తాను. చిక్కల్లా ఆ తర్వాతే. నోట్స్ పెరుగుతూ పోయాయి, వాటిలో ఏదీ కదల్లేదు. చివరికి ఒకటి కదిలింది, డబ్బు కట్టే కస్టమర్ దాకా వెళ్లింది. అది ఎలా వెళ్లిందో, దారిలో ఏ యాప్ ఎంతవరకు పనికొచ్చిందో చెప్తాను.

మొదట్లో చాలామందిలాగే వాట్సాప్‌లో నాకు నేనే మెసేజ్ పెట్టుకునేవాణ్ణి. 2022 చివర్లో ఆ సౌకర్యం అధికారికంగా వచ్చింది. అంతకుముందు ఒక గ్రూపు పెట్టి, మిగతావాళ్లను తీసేసి, ఒక్కణ్ణే మిగిలి అదే పని చేసేవాణ్ణి. రాసుకోవడం వరకే అయితే దీన్ని మించిన సుఖం లేదు. కానీ ఐడియా ఒకసారి రాసి వదిలేసేది కాదు. ఇవాళ ఒక ముక్క తోస్తుంది, వచ్చేవారం ఇంకో ముక్క తోస్తుంది, ఎవరినో అడిగొచ్చాక సగం కొట్టేయాల్సి వస్తుంది. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని దిద్దడానికి ఇచ్చేది 15 నిమిషాలు. దాంతో ఒకే ఐడియా తాలూకు ముక్కలు బిల్లు ఫోటోల మధ్య, వీడియో లింకుల మధ్య తలోచోట పడి ఉండేవి. కూడగట్టడానికి కూర్చుంటే పైకీ కిందికీ జరుపుకోవడంతోనే ఓపిక అయిపోయేది.

అక్కణ్ణుంచి నోషన్ అనే నోట్స్ యాప్‌కి వెళ్లాను. అది గట్టి పనిముట్టే, కాదనను. అందులో ఒక టేబుల్ వేసుకుంటే దాన్నే బోర్డులా చూడొచ్చు, క్యాలెండర్‌లా చూడొచ్చు, స్టేటస్‌ని బట్టి వడకట్టొచ్చు. కాకపోతే అందులో అందంగా అమర్చుకోవడానికి వీలు మరీ ఎక్కువ. ప్రతి ఐడియాకీ ఒక ఐకాన్, ఒక కవర్ ఫోటో, 'మార్కెట్ సైజు' అని ఒక కాలమ్, 'బ్రాండ్ పేరు' అని ఇంకో కాలమ్. కస్టమర్ ఎవరో తెలియని వ్యాపారానికి పేర్లు వెతుకుతూ సాయంత్రాలు గడిచిపోయేవి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నది ఇలాంటి వాటి గురించే.

అబ్సిడియన్ కూడా కొన్నాళ్లు చూశాను. 2020లో వచ్చిన యాప్. నోట్స్ అన్నీ మన కంప్యూటర్‌లోనే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి, ఒక నోట్ నుంచి ఇంకోదానికి లింకులు వేసుకోవచ్చు. ఇలా లింకులు వేసుకునేవాళ్లు ఆదర్శంగా చెప్పేది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్‌ని. ఆయన దాదాపు 90,000 కార్డులు రాసి, ఒకదానికొకటి నంబర్లతో ముడిపెట్టుకున్నాడు. నిజంగా ఆశ్చర్యపోవాల్సిన పనే. అయితే ఆయన చేతిలోంచి చివరికి రావాల్సింది రాతే. నోట్ ఇంకో నోట్‌తో కలిస్తే అది ఆయనకు పని జరిగినట్టు. మనకు అలా కాదు. వ్యాపారం చేయాలనుకునేవాడి నోట్ ఇంకో నోట్‌ని కలిస్తే ఏమీ జరగదు, ఒక మనిషిని కలవాలి. ఈ సంగతి తట్టాక లింకుల జోలికి పోవడం మానేశాను.

ఇప్పుడు వాడేది చాలా సాదాగా ఉంటుంది. ఏది తోచినా గూగుల్ వాళ్ల నోట్స్ యాప్ కీప్‌లో పడుతుంది. దాని విడ్జెట్ ఫోన్ మొదటి స్క్రీన్ మీదే పెట్టుకున్నాను, నొక్కగానే రాసేయొచ్చు. నడుస్తుంటే మాట్లాడి రికార్డు చేస్తాను. కీప్ ఆ మాటల్ని అక్షరాలుగా మార్చి పెడుతుంది, ఆడియోని కూడా పక్కనే ఉంచుతుంది. ఈ రెండోది నాకు ముఖ్యం. తెలుగులో మాట్లాడి టైప్ చేయించడం 2017 నుంచీ ఉన్నా, పేర్ల దగ్గర, అంకెల దగ్గర ఇప్పటికీ తడబడుతుంది. ఆడియో ఉంటే తర్వాత విని సరిచేసుకోవచ్చు. కీప్‌లో ఉన్నవాటిలో నిజంగా ఎవరినైనా అడగదగ్గవి మాత్రమే నోషన్‌లోని ఒక చిన్న టేబుల్‌కి వెళ్తాయి. దానికి ఐకాన్లు లేవు, కవర్ ఫోటోలు లేవు. అడగాల్సిన రోజు, వేళ మాత్రం ఫోన్ క్యాలెండర్‌లోకి వెళ్తాయి. మొత్తం అంతే.

యాప్ మారడం కంటే నోట్‌లో రాసే విషయం మారడం వల్లే తేడా కనిపించింది. నా పాత నోట్స్ ఇలా ఉండేవి: 'చిన్న షాపులకు డెలివరీ యాప్', 'ఆఫీసు కుర్చీలు అద్దెకి?', 'సబ్‌స్క్రిప్షన్ పెడితే!!!'. ఆ మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టినప్పుడు నాకు ఎంత హుషారుగా ఉందో గానీ, రెండు నెలల తర్వాత చూస్తే దేనికి సబ్‌స్క్రిప్షనో నాకే తెలియలేదు. ఇవన్నీ పరిష్కారాలు. ఎవరి ఏ ఇబ్బందికి పరిష్కారమో ఎక్కడా లేదు. అందుకని ఇప్పుడు ఐడియా రాయను, ఇబ్బంది రాస్తాను. ఎవరు పడ్డారు, వాళ్ల నోటి నుంచి వచ్చిన మాట ఏమిటి, ప్రస్తుతానికి ఎలా నెట్టుకొస్తున్నారు. ఇవి ఉంటే పరిష్కారం ఎప్పుడైనా ఆలోచించుకోవచ్చు. ఇవి లేకపోతే ఎంత గొప్ప ఐడియా అయినా దానితో ఎవరి తలుపు తట్టాలో తెలియదు.

టేబుల్‌లోకి వెళ్లే ప్రతి నోట్‌కీ నాలుగు గడులు పెట్టుకున్నాను. ఇబ్బంది ఎవరిది? ఇప్పుడు వాళ్లేం చేస్తున్నారు? ఎవరిని, ఎప్పుడు, ఏ ప్రశ్న అడగాలి? ఏ జవాబు వస్తే దీన్ని వదిలేయాలి? మొదటి మూడూ ఎవరైనా చెప్పేవే. నాలుగోది రాయడమే కష్టం, అడగకముందే రాసుకోవాలి కూడా. అడిగొచ్చాక రాద్దామంటే, వచ్చిన ప్రతి జవాబునీ మనకు కావాల్సినట్టు తిప్పుకుంటాం.

ఒక నోట్ ఉన్నదున్నట్టు చూపిస్తాను. ఒక ఆఫీసులో పని ముగించుకుని మెట్లు దిగుతూ రాసింది:

'మెట్ల దగ్గర ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. ట్యాగ్ మీద గడువు దాటి చాలా నెలలైంది. మీటరు ముల్లు ఆకుపచ్చలోనే ఉంది. అడ్మిన్ మేడమ్: "దాన్ని చూసేదెవరండీ, సర్వీసువాళ్లు వస్తే వాళ్లే చూస్తారు." ఏసీ, యూపీఎస్, ప్రింటర్ల సర్వీసు తేదీలు ఎవరి దగ్గర ఉన్నాయంటే ఆవిడకీ తెలియదు.'

ట్యాగ్ ఫోటో కూడా దానికి జతచేశాను. సహజంగానే నాకు ముందు తోచింది యాప్: ఆఫీసులో ఉన్న మెషిన్లన్నిటికీ సర్వీసు తేదీలు గుర్తుచేసే యాప్. పాత పద్ధతిలో అయితే ఆ రాత్రికే దానికో పేరు పెట్టేసేవాణ్ణి. ఈసారి గడులు నింపాను. ఇబ్బంది: అడ్మిన్ చూసేవాళ్లది. ఇప్పుడు చేస్తున్నది: గుర్తొచ్చినప్పుడు ఫోన్ చేయడం. అడగాల్సింది: నేను వెళ్లే మిగతా ఆఫీసుల్లో అదే పని చూసేవాళ్లను. వదిలేయడానికి: 'సర్వీసు కంపెనీవాళ్లే ఫోన్ చేసి వస్తారు, మాకు బెంగ లేదు' అని ఎక్కువమంది అంటే.

ప్రశ్న విషయంలో ఒక జాగ్రత్త తీసుకున్నాను. 'ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?' అని అడిగితే మర్యాదకైనా అందరూ ఊ అంటారు. ఆ ఊ మీద ఏదీ కట్టలేం. అందుకని జరిగిపోయినదాని గురించే అడిగాను: 'పోయినసారి ఏదైనా మెషిన్ పాడైనప్పుడు ఏం జరిగిందండీ?' ఇలా అడిగితే జనం అభిప్రాయాలు చెప్పరు, కథ చెప్తారు. కథలో డబ్బు ఎక్కడ పోయిందో, ఎవరి మీద ఎవరు అరిచారో అన్నీ వస్తాయి.

మరి అడగడం ఎందుకు వాయిదా పడేదంటే, అది నోట్‌లో 'అడగాలి' అని మాత్రమే ఉండేది. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన ఒక వ్యాసంలో విషయం ఇదే. చేయాలనుకోవడం ఒకటి, ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తానని ముందే ముడివేసుకోవడం మరొకటి, రెండోరకం వాళ్లే పని పూర్తిచేసే అవకాశం ఎక్కువ అంటాడు. నేను దాన్ని అచ్చంగా అమల్లో పెట్టాను. 'గురువారం, లెడ్జర్లు తిరిగిచ్చేటప్పుడు, సంచి సర్దుకోకముందు, అడ్మిన్‌ని అడగాలి' అని క్యాలెండర్‌లో పెట్టాను. సంచి సర్దుకున్నాక నా మనసు బయటికి పరుగెడుతుంది, ఇక అడగనని నాకు తెలుసు.

అడిగితే వచ్చిన జవాబులు నా ఐడియాని చంపేశాయి. సర్వీసు కాంట్రాక్టు ఉన్నచోటల్లా ఆ కంపెనీవాళ్లే తేదీలు చూసుకుంటున్నారు, వాళ్లకు అది రాబడి కదా. నేను రాసుకున్న నాలుగో గడి ప్రకారం వదిలేయాలి. వదిలేశాను. కానీ వాళ్లు చెప్పిన కథల్లో ఇంకోటి పదేపదే వినపడింది. ఒకాయన మాటల్లోనే చెప్తాను: 'సర్వీసుదేముందండీ. వారంటీ ఉందని తెలుసు, బిల్లు కనపడలేదు. కొన్నవాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. చివరికి డబ్బు కట్టే బాగుచేయించుకున్నాం.' ఇంకొక చోట బిల్లు దొరికింది గానీ, వేడికి అచ్చయ్యే ఆ రకం కాగితం మీద అక్షరాలు వెలిసిపోయి తెల్లకాగితం మిగిలింది. ఆవిడ దాన్ని వెలుతురుకి అడ్డంగా పెట్టి నాకు చూపించారు. మీద ఉన్న లోగో కూడా సరిగ్గా కనపడలేదు.

ఆ ఆఫీసు నుంచి బయటపడగానే నిలబడి కీప్‌లో మాట్లాడేశాను. అది కొత్త నోట్. పాతదానికి 'వదిలేశా' అని మార్చి కారణం రాశాను. కొత్తదాన్ని పాతదానికి కొనసాగింపుగా అక్కడే రాయాలనిపించింది గానీ రాయలేదు. రాసుంటే చచ్చిన ఐడియా ఇంకా బతికే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఈసారి గడులు నింపడం తేలికైంది, ఎందుకంటే జవాబులు సగం ముందే ఉన్నాయి. వదిలేయడానికి పెట్టుకున్న షరతు: పని మొదలుపెట్టకముందే డబ్బు ఇస్తానని ఒక్కరైనా అనకపోతే. మా బాస్‌తో ముందే మాట్లాడాను, ఆఫీసు పనికి అడ్డురానంతవరకు తనకు అభ్యంతరం లేదన్నారు. ఆ తర్వాత బిల్లు వెలిసిపోయిన ఆవిడనే అడిగాను: 'మీ మెషిన్లన్నిటి కాగితాలూ ఒకచోట చేర్చి, వారంటీ ఎప్పుడు అయిపోతుందో రాసి, అయిపోవడానికి నెల ముందు మీకు చెప్తాను. ఇంత అవుతుంది, ఇస్తారా?' ఆవిడ రెండు ప్రశ్నలడిగారు. కాగితాలు ఆఫీసు దాటి బయటికి పోతాయా? నువ్వు మానేస్తే మాకు ఏం మిగులుతుంది? దాటవన్నాను, షీటు మీ దగ్గరే ఉంటుందన్నాను. సరేనన్నారు.

ఆ శనివారం చేసిన పనిలో టెక్నాలజీ అనదగ్గది ఏమీ లేదు. ఫైళ్లు దింపి బిల్లులన్నీ నేల మీద పరిచాను, ఏది ఏ మెషిన్‌దో చూసి ఫోటోలు తీశాను. సీరియల్ నంబర్ల దగ్గర ఎక్కువ టైమ్ పట్టింది. యూపీఎస్‌ని గోడకి ఆనించి పెడతారు, స్టిక్కర్ ఏమో దాని వెనక ఉంటుంది. జరపాలంటే ఆఫీసు మొత్తం ఆపాలి. ఫోన్‌ని గోడకీ దానికీ మధ్య దూర్చి, టార్చ్ వేసి, వీడియో తీసి, తర్వాత ఆపి ఆపి చూస్తూ నంబరు రాసుకున్నాను. రెండుచోట్ల సున్నానో, ఇంగ్లీషు 'ఓ' అక్షరమో తేల్చుకోలేక మళ్లీ తీయాల్సి వచ్చింది. ఆ వివరాలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో, తేదీలు క్యాలెండర్‌లో. నేను ఊహించిన యాప్ మొత్తం ఈ రెండింట్లోనే ఇమిడిపోయింది.

కొన్ని వారాలకు అక్కడ ఒక ప్రింటర్ మొరాయించింది. ఆవిడ ఫోన్ చేశారు, బిల్లు ఫోటో, సీరియల్ నంబరు పంపాను. వారంటీలోనే పార్టు మార్చారు. ఆ తర్వాత మిగతా ఆఫీసుల్లో నేను ఎవరినీ పెద్దగా అడగాల్సిన పని పడలేదు, ఆవిడే చెప్పిపెట్టారు.

ఇక మిగతా సంగతులు. వారానికి ఒకసారి కీప్ తెరిచి కొత్తగా పడినవన్నీ చూస్తాను. చాలావరకు అక్కడికక్కడే తుడిచేస్తాను, బాధపడను. ముఖ్యమైన జాబితా అనిపించేది 'వదిలేసినవి'. ఒక్కోదాని పక్కన తేదీ, వదిలేయడానికి ఒక వాక్యం కారణం. ఖాళీగా ఉండే మీటింగ్ రూములను సెలవురోజుల్లో బయటివాళ్లకు అద్దెకిప్పించడం అందులో ఒకటి. కారణం: 'తాళాలు బయటివాళ్లకు ఇవ్వడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు'. ఈమధ్య ఒక మిత్రుడు సరిగ్గా అదే ఐడియాతో ఉత్సాహంగా వచ్చాడు. ఆ వాక్యం పంపాను. తాళం అవసరం లేకుండా కోడ్‌తో తెరుచుకునే తలుపులున్న ఆఫీసులైతే ఎలా ఉంటుందని వాడు అడిగాడు. అది నాకు తట్టలేదు. కారణం రాసి ఉండబట్టే వాడు దాన్ని పట్టుకుని ముందుకెళ్లగలిగాడు.

రాసుకోవడం వల్ల మనసు తేలికపడుతుందని చాలామంది అంటారు, నిజమే. పూర్తికాని పని గురించి ఎప్పుడు, ఎలా చేస్తామో ప్లాన్ వేసుకుంటే చాలు, అది బుర్రని తొలవడం తగ్గుతుందని 2011లో మాసికంపో, బామైస్టర్ చేసిన ప్రయోగాల్లో తేలింది. నిద్రకు ఇది మంచిదే. వ్యాపారానికి మాత్రం కాస్త ప్రమాదమని నా అనుమానం. బెంగ తీరిపోయాక చేయాలన్న తొందర కూడా తీరిపోతుంది. అందుకే క్యాలెండర్‌లో తేదీ పడని నోట్‌ని నేను లెక్కలోకి తీసుకోను.

తెలుగులో నోట్స్ రాసేవాళ్లకు సెర్చ్ దగ్గర ఒక తిప్పలు ఉంది. 'కాగితం' అని వెతికితే 'కాగితాలు' అని రాసిన నోట్ రాకపోవచ్చు, మాట చివర మారిపోతుంది కదా. ఒకరోజు 'వారంటీ' అని, ఇంకోరోజు 'వారెంటీ' అని, మూడోరోజు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అవి యాప్‌కి మూడు వేర్వేరు మాటలు. ఇంకా చిరాకు పెట్టేది 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య కంటికి కనపడకుండా ఉండే విడదీత గుర్తు. ఒక కీబోర్డు అది పెడుతుంది, ఇంకోటి పెట్టదు, చదివితే మనకు రెండూ ఒకే మాట, సెర్చ్‌కి మాత్రం దొరక్కపోవచ్చు. దీనికి నేను కనుక్కున్న ఉపాయం కీప్‌లో లేబుళ్లు. పది లోపే పెట్టుకున్నాను. వాటిని టైప్ చేయను, జాబితాలోంచి ఎంచుకుంటాను. స్పెల్లింగ్ గొడవ ఉండదు.

ఒకరి బిల్లులు, సీరియల్ నంబర్లు నా ఐడియాల నోట్స్‌లో ఉండవు. అవి ఆయా ఆఫీసుల ఖాతాల్లోని ఫోల్డర్లలోనే ఉంటాయి, చూడ్డానికి నాకు అనుమతి ఇస్తారు. రేపు వాళ్లు ఆ అనుమతి తీసేస్తే నా దగ్గర ఏమీ మిగలదు. అలాగే ఉండాలి కూడా.

యాప్‌ల ఉచిత ప్లాన్ల షరతులు మారుతుంటాయి. ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ 2023 డిసెంబర్ నుంచి ఉచిత ప్లాన్‌ని 50 నోట్స్‌కి, ఒక్క నోట్‌బుక్‌కి పరిమితం చేసింది. అది వాళ్ల వ్యాపారం, తప్పు పట్టలేం. మన నోట్స్ మన చేతికి ఎలా వస్తాయో తెలుసుకుని ఉంటే చాలు. కీప్‌వి గూగుల్ టేకవుట్‌లో, అంటే మన డేటాని దించుకోవడానికి గూగుల్ ఇచ్చే సౌకర్యంలో, దించుకోవచ్చు, నోషన్ టేబుల్ ఎక్సెల్‌లో తెరవగలిగే సీఎస్‌వీ ఫైలుగా వస్తుంది. ఒకసారి దించి, తెరిచి చూసుకోండి. తెలుగు అక్షరాలు ఎక్సెల్‌లో పిచ్చిగీతల్లా కనపడితే కంగారు పడక్కర్లేదు, తెరిచేటప్పుడు అక్షరాల ఎన్‌కోడింగ్ అడిగేచోట యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు టేబుల్‌లో పైన ఉన్న నోట్ 'దీనికి యాప్ కట్టించాలా?'. అడిగేవాళ్లు పెరిగారు కాబట్టి ఈ ప్రశ్న వచ్చింది. మొదటి గడిలో ఇబ్బంది ఎవరిదన్న చోట ఈసారి నా పేరే ఉంది, తేదీలు ఎక్కించేది నేనే కాబట్టి. నాలుగో గడిలో రాసింది ఇది: షీట్లన్నీ చూసుకోవడానికి వారంలో ఒక సాయంత్రం సరిపోతున్నంతకాలం యాప్ మాట ఎత్తకూడదు. ప్రస్తుతానికి ఆ సాయంత్రంలో ఇంకా కాస్త టైమ్ మిగులుతూనే ఉంది.